కలర్ పెన్సిళ్లతో ఫిగర్ డ్రాయింగ్ ప్రాక్టీస్: రబ్బరు బదులు రెండో రంగు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఏడాదిగా 36 రంగుల సెట్టుతో ఫొటోలు చూసి పూలు, ముఖాలు వేస్తున్నారు, అవి బాగానే వస్తున్నాయి. ఈమధ్య నిలువెత్తు మనిషి బొమ్మలు మొదలుపెడితే ఒక్కో బొమ్మకు మూడు గంటలు పడుతోంది, తప్పు గీత రబ్బరుతో పోవడం లేదు, ఇంతా చేశాక చూస్తే మనిషి కొయ్యబొమ్మలా బిగుసుకుని ఉంటున్నాడు. ఫిగర్ డ్రాయింగ్‌కు కలర్ పెన్సిల్ పనికిరాదా, మామూలు పెన్సిల్‌కో బొగ్గుకో మారిపోవాలా, ఒంటిరంగుకు ఏ పెన్సిళ్లు వాడాలి, బాగా వచ్చినవాటిని గోడకు పెట్టుకోవచ్చా అని అడిగారు.

మారక్కర్లేదు. సెట్టులోంచి రెండే రెండు పెన్సిళ్లు బయటకు తీసి, మిగతా 34 డబ్బాలో పెట్టి మూత వేసేయండి, కనీసం రెండు నెలలు. ఇది మీకు శిక్షలా అనిపించొచ్చు కానీ చాలా ఏళ్లుగా వారం వారం మోడల్ ఎదురుగా కూర్చుని బొమ్మలు వేస్తూ, పక్కన కొత్తగా నేర్చుకునేవాళ్లను చూస్తూ నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది: కలర్ పెన్సిల్ చెరగకపోవడం ఫిగర్ ప్రాక్టీసులో లోపం కాదు, దాన్ని సరిగ్గా వాడుకుంటే అంతకంటే మంచి గురువు ఉండదు.

ముందు బొమ్మ ఎందుకు బిగుసుకుంటోందో చెప్తాను. ముఖాలు వేసేటప్పుడు మీరు బహుశా ఒక కన్ను దగ్గర మొదలుపెట్టి, దాన్ని పూర్తిచేసి, అక్కణ్ణుంచి ముక్కుకీ నోటికీ వెళ్తూ ఉంటారు. ముఖానికి అది ఎలాగోలా సాగిపోతుంది. నిలువెత్తు మనిషికి అదే పద్ధతి పెడితే తల ఒక్క పిసరు పెద్దదైనా ఆ తేడా భుజాలకి, నడుముకి పాకుతూ వస్తుంది, మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోతుంది, అప్పుడు తెలియకుండానే కాళ్లు కుదించేస్తాం. పైగా తల చుట్టూ అవుట్‌లైన్, చేయి చుట్టూ అవుట్‌లైన్ అని ముక్కలు ముక్కలుగా వేసుకుంటూ పోతే ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ సంబంధం ఉండదు. నిజం మనిషిలో తల వంగితే వీపు మారుతుంది, బరువు ఒక కాలి మీదకి వెళ్తే భుజాల దాకా అన్నీ కదులుతాయి. ఆ కదలిక పట్టుకోకుండా పైన ఎన్ని రంగుల పొరలు వేసినా మనిషికి ప్రాణం రాదు. మూడు గంటలు పట్టడానికి కారణం కూడా ఇదే, ఆ సమయమంతా రంగు నింపడానికి పోతోంది, చూడటానికి మిగలడం లేదు.

ఇప్పుడు ఆ రెండు పెన్సిళ్ల సంగతి. ఒకటి లేతది కావాలి, లేత నీలం గానీ లేత ఆరెంజ్ గానీ. రెండోది ముదురుది, ఇటుక ఎరుపు గానీ ముదురు గోధుమ రంగు గానీ. లేతదానితో వెతుకుతాం, ముదురుదానితో తేల్చుకుంటాం. ఇది నేను కనిపెట్టింది కాదు, చేత్తో కార్టూన్ సినిమాలు గీసే యానిమేటర్లు తరాలుగా చేస్తున్నదే. వాళ్లు కదలికంతా నీలం, ఎరుపు పెన్సిళ్లతో రఫ్‌గా గీసుకుని, దాని మీద కావలసిన గీతను ముదురు పెన్సిల్‌తో ఎంచుకుంటారు. ప్రింటింగ్ పనిలో కూడా ఒకరకమైన లేత నీలం వాడేవారు, ఆ నీలాన్ని కెమెరా ఫిల్మ్ పట్టుకోదు కాబట్టి అడుగు గీతలు చెరపాల్సిన అవసరమే ఉండేది కాదు. చెరపకుండా పనిచేయడం అనేది అంత పాత అలవాటు.

30 సెకన్ల పోజులతో మొదలుపెట్టండి, అంటే మోడల్ ఒక్కో భంగిమలో 30 సెకన్లే ఉంటారు. లేత పెన్సిల్ మాత్రమే పట్టుకోండి, అది కూడా రాసేటప్పటిలా కాదు, పెన్సిల్‌ను అరచేతి కిందుగా అడ్డంగా పడుకోబెట్టి, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఒకవైపు ఉండేలా పట్టుకుంటే మణికట్టు బిగుసుకోదు, గీత భుజం నుంచి వస్తుంది. కాగితం బల్ల మీద చదునుగా కాకుండా వాలుగా ఉండాలి, లేకపోతే పై భాగం మీకు దూరమై, తల, భుజాలు సాగిపోతాయి. మొదటి గీత తల నుంచి బరువు మోస్తున్న పాదం దాకా ఒకే ఊపులో రావాలి. ఆ తర్వాత భుజాల వాలు, తుంటి వాలు. టైం మిగిలితే పక్కటెముకల గూడుకి ఒక గుడ్డు ఆకారం, కటి భాగానికి ఒక పెట్టె, అంతే. ముఖం వద్దు, వేళ్లు వద్దు. కాగితం మీద పెన్సిల్ బరువు తప్ప మీ చేతి బరువు పడకూడదు. ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోకండి, చేయి బరువు తగ్గించడం మొదట్లో బొమ్మ వేయడం కంటే కష్టం. వేసిన కాగితాన్ని తిరగేసి వేలితో తడిమి చూడండి, గీత తగిలిందంటే మీరు నొక్కేస్తున్నట్టే.

భుజాలు, తుంటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ కొయ్యబొమ్మ సమస్యకు మందు అక్కడే ఉంది. ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, మామూలుగా ఆ వైపు భుజం కిందకి దిగుతుంది. అంటే ఆ రెండు గీతలూ ఒకదానికొకటి ఎదురుగా వాలతాయి, ఆ వైపు నడుము నొక్కుకుని మడత పడుతుంది, రెండోవైపు డొక్క సాగుతుంది. మన శిల్పాల్లోని త్రిభంగం ఇదే సూత్రం మీద నిలుస్తుంది, మెడ దగ్గర ఒక వంపు, నడుము దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి. గ్రీకు శిల్పులు క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో రాతి మనిషిని నిటారు నిలుపు నుంచి తప్పించింది కూడా ఈ వాలుతోనే. సరిచూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది: కాలర్ ఎముకల మధ్య, గొంతు కింద ఉండే గుంట నుంచి ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసినట్టు ఊహించుకోండి. మనిషి ఒంటికాలి మీద బరువు వేసి ఉంటే ఆ దారం ఆ కాలి చీలమండ దగ్గరికే దిగాలి. మీ బొమ్మలో అది ఎక్కడో రెండు పాదాల మధ్య పడిందంటే మనిషి పడిపోతున్నట్టు కనిపిస్తాడు, ఏ షేడింగూ దాన్ని కాపాడలేదు.

కొలతలు మరీ బట్టీ పట్టకండి కానీ కొన్ని గుర్తుంటే మేలు. నిలబడిన పెద్దవాళ్లలో ఎత్తు సుమారు ఏడున్నర తలలు, ఆ ఎత్తులో సగం తొడలు కలిసేచోట పడుతుంది. చేతులు వేలాడదీస్తే మోచేయి నడుము దగ్గర, మణికట్టు తొడలు కలిసే ఎత్తులో, వేళ్ల చివర్లు తొడ మధ్యలో ఉంటాయి. అరచేయి వేళ్లతో సహా గడ్డం నుంచి జుట్టు మొదలయ్యేదాకా ఉంటుంది, పాదం దాదాపు ముంజేతి పొడవు. కొత్తవాళ్లు అందరూ అరచేతుల్ని, పాదాల్ని చిన్నవిగా వేస్తారు. కూర్చున్న మనిషికి, మనవైపు చాచిన చేతికి ఇవేవీ వర్తించవు, అక్కడ కంటికి ఎంత కనిపిస్తే అంతే.

ఇక ముదురు పెన్సిల్. రెండు నిమిషాల పోజులకు వచ్చాక మొదటి నిమిషం లేతదానితో పైన చెప్పినట్టే. తర్వాత చేయి ఆపి, పది సెకన్లు పూర్తిగా మోడల్‌నే చూడండి, అప్పుడు ముదురు పెన్సిల్ తీసుకుని, సరైనవి అనిపించిన గీతల మీద వెళ్లండి, తప్పు అనిపించిన చోట లేత గీతను వదిలేసి పక్కన సరైన గీత వేయండి. తప్పు గీతను చెరపాలని చూడకండి. రబ్బరును ఇంకో గదిలో పెట్టి రండి, నిజంగానే. ఇరవై బొమ్మలయ్యాక అన్నిటినీ నేల మీద పరిచి నిలబడి చూడండి. లేత రంగుకీ ముదురు రంగుకీ మధ్య తేడా ఎక్కడెక్కడ ఉందో చూస్తే ఒక విషయం తెలుస్తుంది, మన తప్పులు ఇరవై రకాలుగా ఉండవు, ఒకటో రెండో తప్పులనే ఇరవై సార్లు చేస్తుంటాం. నా బొమ్మల్లో ఎప్పుడూ కటి భాగం చిన్నగా వచ్చేది, మనిషి మొత్తం కుడివైపుకి వాలేవాడు. నాతో వేసే ఒకామె ప్రతి బొమ్మలోనూ మోకాలి కింది భాగాన్ని కుదించేది, మూడేళ్లు వేసినా ఆ సంగతి ఆమెకు తెలియలేదు, ఎందుకంటే మామూలు పెన్సిల్‌తో వేసి, తప్పు కనిపించగానే చెరిపి దిద్దేసేది. దిద్దిన బొమ్మ బాగానే ఉండేది, కానీ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే సాక్ష్యం కాగితం మీద మిగిలేది కాదు. రెండు రంగులతో వేసిన మొదటి రోజే నేల మీద పరిచిన కాగితాల్లో ప్రతి మోకాలి కిందా ఎరుపు గీత నీలాన్ని దాటి కిందకి వెళ్లడం ఆమే చూసి చూపించింది. చెరగని పెన్సిల్ గురువని నేనన్నది దీన్ని చూసే.

రోజుకి 40 నిమిషాలు దొరికితే ఒక నిమిషం పోజులు పది, రెండు నిమిషాలవి ఐదు, పది నిమిషాలవి రెండు వేయండి, లెక్క సరిపోతుంది. మొదటి రెండు వారాలు ఆ ఒక నిమిషం పోజుల్ని సగానికి తగ్గించి, 30 సెకన్లవే ఇరవై వేసుకోండి. వారానికి నాలుగు రోజులు చాలు, రోజూ చేయాలన్న టెన్షన్ పెట్టుకుని మానేయడం కంటే ఇది నయం. మోడల్ దొరక్కపోతే టైం పెట్టి ఫొటోలు మార్చే వెబ్‌సైట్లు ఉన్నాయి, లైన్ ఆఫ్ యాక్షన్ లాంటివి. ఇంట్లో ఫోను చూస్తూనో చదువుకుంటూనో కూర్చున్నవాళ్లు ఐదు నిమిషాలు కదలరు, వాళ్లను వేయండి. బట్టలున్నా ఏం పర్లేదు, భుజం మీద, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర గుడ్డ లాగి పట్టినట్టు ముడతలు మొదలవుతాయి, లోపలి కీలు ఎక్కడుందో ఆ ముడతలే చెప్తాయి. ఫొటో మీరే తీసుకుంటే మూడు మీటర్లైనా దూరంగా నిలబడి తీయండి. దగ్గర నుంచి ఫోనుతో తీస్తే ముందుకొచ్చిన చేయో తలో ఉబ్బిపోతుంది, అది చూసి వేస్తూ మన కొలతలు తప్పాయనుకుంటాం. ఫొటోలో నీడలు నల్లగా మూసుకుపోతాయి కూడా, ఎదురుగా కూర్చున్న మనిషి నీడలో ఎన్ని రంగులుంటాయో ఫొటో చూపించదు. అందుకే వారానికి ఒక్కసారైనా నిజం మనిషిని చూసి వేయాలంటాను.

రెండు నెలలయ్యాక వెలుగు నీడలకు రండి, ఇంకా రంగులకు కాదు. ముదురు పెన్సిల్ ఒక్కదానితోనే. ముందు ఆ పెన్సిల్‌తో ఒక పట్టీ వేసి, కాగితం తెలుపు నుంచి ఆ పెన్సిల్ ఇవ్వగలిగిన అత్యంత ముదురు దాకా ఆరు గడులు చేయండి. పసుపుతో కూడా ఇలాంటి పట్టీ వేసి చూడండి, ఎంత నొక్కినా పసుపు ఒక హద్దు దాటి ముదరదు. చాలామంది కలర్ పెన్సిల్ బొమ్మలు పాలిపోయి ఉండటానికి కారణం ఇదే, లేత రంగుతో నీడ తెప్పించాలని నొక్కి నొక్కి కాగితం గరుకంతా పెన్సిల్‌లోని మైనంతో నింపేస్తారు, ఆ తర్వాత ఇంకే రంగూ దాని మీద పట్టదు.

ఒకే ఎర్ర మట్టి రంగుతో మనిషిని వేయడం గొప్ప చిత్రకారుల దారే. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం పైకప్పు మీద లిబియన్ సిబిల్ అనే ప్రవక్త స్త్రీ బొమ్మ కోసం మైకెలాంజెలో 1510-11 ప్రాంతంలో ఎర్ర చాక్‌తో ముందుగా వేసుకున్న ప్రాక్టీసు బొమ్మ (స్టడీ) ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, దాని ఫొటో పెద్ద సైజులో తెరిచి నెమ్మదిగా చూడండి. మధ్యలో వీపు చూపిస్తూ తిరిగిన శరీరం, చుట్టూ ఖాళీల్లో ముఖం మళ్లీ, ఎడమ చేయి మళ్లీ, బరువు పడే కాలివేళ్లు మళ్లీ మళ్లీ. ఆయనంతటివాడు ఒక బొటనవేలిని మూడోసారి వేసుకున్నాడంటే మనకెంత అవసరమో ఆలోచించండి. పది నిమిషాల పోజులో టైం మిగిలినప్పుడు మీరూ అలాగే చేయండి, బొమ్మను మెరుగులు దిద్దుతూ కూర్చోకుండా, కుదరని భాగాన్ని పక్కనే ఖాళీలో మళ్లీ వేయండి.

ఆ తర్వాతి మెట్టు మూడు పెన్సిళ్లు: ఇటుక ఎరుపు, ముదురు గోధుమ, తెలుపు, బూడిద రంగు లేదా లేత గోధుమ రంగు కాగితం మీద. ఎరుపు, నలుపు, తెలుపు చాక్‌లతో ఫ్రెంచ్ చిత్రకారుడు వాతో వేసిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఇక్కడ ఒకే ఒక నియమం, తెలుపు వెలుగులకు మాత్రమే, గోధుమ నీడలకు మాత్రమే, రెండూ ఎక్కడా కలవకూడదు. మధ్యలో ఉండాల్సిన టోన్ కాగితమే ఇస్తుంది, దాన్ని వదిలేయండి. తెలుపు గోధుమ మీదకి ఎక్కితే సున్నం కొట్టినట్టు అవుతుంది. 20 నిమిషాల పోజులో ఒంటి మొత్తానికీ వెలుగు నీడలు తేలే పద్ధతి నాకు తెలిసి ఇదొక్కటే, తెల్ల కాగితం మీద కలర్ పెన్సిల్‌తో ఆ టైంలో అంత నింపలేం.

ఒంటిరంగు గురించి అడిగారు కదా. సెట్టులో స్కిన్ అని రాసి ఉండే ఆ లేత గులాబీ పెన్సిల్‌ను మర్చిపోండి, దానితో నింపిన మనిషి ప్లాస్టిక్ బొమ్మలా ఉంటాడు. గోధుమ వర్ణం చర్మానికి నేను వేసే వరస ఇది: అడుగున ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పల్చగా, వెలుగు బాగా పడేచోట కాగితాన్ని వదిలేసి, దాని మీద బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ), నీడల్లో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), నీడ బాగా ముదిరేచోట ఇండిగో (ముదురు నీలం) గానీ వంగపండు రంగు గానీ. నలుపు ముట్టుకోను, నలుపు వేసిన నీడ మసి పూసినట్టు చచ్చిపోతుంది. ఇండిగో, అంబర్ ఒకదాని మీద ఒకటి పడితే నలుపంత ముదురు వస్తుంది, అయినా లోపల రంగు బతికుంటుంది. బాగా నల్లని చర్మానికి అడుగున ఓకర్ బదులు సియన్నాతోనే మొదలుపెట్టండి, మెరుపుల్లో చర్మం రంగు కంటే వెలుగు రంగు ఎక్కువ కనిపిస్తుంది, కిటికీ వెలుగైతే ఆ మెరుపులు నీలంగా ఉంటాయి, ధైర్యంగా లేత నీలం వేయండి. చెవులు, ముక్కు కొన, వేలి కణుపులు, మడమలు దగ్గర ఎరుపు కాస్త ఎక్కువ, మోచేతులు, మోకాళ్లు మిగతా చర్మం కంటే తరచుగా ముదురు, అరచేతులు లేత. ఇవన్నీ చూసి వేయాలి, సూత్రంలా కాదు. మెరుపుల చోటు మాత్రం మొదటి నుంచీ కాపాడుకోండి, ముదురు పొరల మీద తర్వాత తెల్ల పెన్సిల్ వేస్తే కప్పదు, పాలిపోయిన మరకలా మిగులుతుంది.

సామాన్ల గురించి క్లుప్తంగా. చిన్న పోజులకు మామూలు ప్రింటర్ కాగితం చాలు, మంచి కాగితం మీద తప్పు చేయడానికి చేయి భయపడుతుంది. పొరలు వేసే బొమ్మలకు 160 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పైన, కాస్త గరుకున్న కాగితం. బొమ్మ మరీ పెద్దగా వద్దు, పెన్సిల్ మొన సన్నం కాబట్టి 20 సెంటీమీటర్ల మనిషి సరిపోతాడు. పెన్సిళ్లలో మైనంతో చేసినవి మెత్తగా ఉంటాయి, ప్రిస్మాకలర్ ప్రీమియర్ అలాంటిది, నూనె ఎక్కువుండేవి గట్టిగా ఉండి మొన నిలుస్తుంది, పాలిక్రోమోస్ అలాంటిది. గీతల ప్రాక్టీసుకు గట్టివి, రంగు పొరలకు ఏవైనా. పోజు మధ్యలో చెక్కుతూ కూర్చుంటే టైం పోతుంది కాబట్టి ముదురు రంగువి మూడు పెన్సిళ్లు చెక్కి పెట్టుకోండి. కింద పడేసుకోకండి, లోపల ములుకు ముక్కలై, చెక్కిన ప్రతిసారీ ఊడి వస్తుంది. రాలిన పొడిని చేత్తో తుడవకండి, మెత్తని బ్రష్‌తో దులపండి.

గోడకు పెట్టుకునే ముందు రెండు జాగ్రత్తలు. మైనం పెన్సిల్‌తో దట్టంగా వేసిన ముదురు భాగాల మీద కొన్నాళ్లకు తెల్లటి పొగలాంటి పొర వస్తుంది, నేను మొదటిసారి చూసి బూజు పట్టిందనుకుని ఒక మంచి బొమ్మ పారేశాను. అది మైనం పైకి తేలడమే, మెత్తని గుడ్డతో తేలిగ్గా తుడిస్తే పోతుంది, ఆ తర్వాత ఫిక్సేటివ్ (బొమ్మను కాపాడే స్ప్రే) పల్చగా రెండు సార్లు కొడితే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. కిటికీలు తెరిచి కొట్టండి. రెండోది ఎండ. గులాబీ, ఊదా రంగులు చాలా కంపెనీల పెన్సిళ్లలో త్వరగా వెలిసిపోతాయి. కిటికీ ఎదురుగా పెట్టిన నా బొమ్మ ఒకదానిలో రెండేళ్లకే బుగ్గల్లో గులాబీ మొత్తం పోయి అడుగున ఉన్న ఓకర్ మాత్రం మిగిలింది, మనిషి కామెర్లు వచ్చినట్టు అయిపోయాడు. పెన్సిల్ మీద గానీ కంపెనీ చార్టులో గానీ లైట్‌ఫాస్ట్ (వెలుగుకు వెలిసిపోకుండా నిలవడం) గుర్తులు చూసుకోండి, కలర్ పెన్సిళ్లకు ఏఎస్‌టీఎం డి6901 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం పరీక్షించినవైతే నిశ్చింత. మీ దగ్గరున్న సెట్టుకు చార్టు లేకపోతే ప్రతి రంగుతో ఒక గీత వేసి, సగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి అతికించండి, మూడు నెలలకు తీసి చూస్తే ఏవి గోడకు పనికొస్తాయో, ఏవి ప్రాక్టీసుకే ఉంచుకోవాలో తేలిపోతుంది.